తెరచాపకు పసుపు

నాకింకా ఇరవై నిండలేదు. అప్పుడే చిన్ననాటి ముచ్చట్లేమిటని నవ్వేవాళ్లు నవ్వుకోండి. గల్ఫ్‌లో పెరిగిన పిల్లల సంగతి మీకు తెలియదు. నాన్న ఉద్యోగం మారిందంటే మాకు ఇల్లు, బడి, వీధి, స్నేహితులు అన్నీ ఒక్కసారే పోతాయి. మళ్లీ వెళ్లి చూద్దామంటే వీసా కావాలి. రువైస్‌లో మేమున్న బ్లాకు ఇప్పుడు లేదట, పడగొట్టేశారట. పడవలు పెట్టుకునే రేకుల షెడ్డు కూడా లేదట. కాబట్టి జ్ఞాపకాలు చెప్పుకునే హక్కు నాకు పూర్తిగా ఉంది.

ఇదంతా ఎందుకు గుర్తొచ్చిందంటే, మొన్న అమ్మ ఫోన్ చేసింది. నాన్న ఉద్యోగం ముగుస్తోంది, అబుదాబి ఇంట్లో సామాన్లు సర్దుకుంటున్నారు. నేనేమో దుబాయ్‌లో హాస్టల్లో కూర్చుని పరీక్షకు చదువుతున్నాను. "బీరువా మీద ఆ తెరచాప ఉండేది చూడు, ఆ చోటు ఖాళీ అయింది. మీ నాన్న దాన్ని ఆ పిల్లకి పంపించారు" అంది, వంకాయలు కొన్నానని చెప్పినంత మామూలుగా.

"ఏ పిల్లకి?" అన్నాను. తెలిసే అడిగాను.

"అదేనే, రువైస్‌లో మన కింద ఫ్లాటు పిల్ల. హైదరాబాదులో చదువుతోందిగా. హుస్సేన్‌సాగర్‌లో చిన్నపిల్లలకి పడవ నడపడం నేర్పుతోందట. ఎవరో ఊరికి వెళ్తుంటే లగేజీలో పెట్టి పంపారు."

నా ఒళ్లు భగ్గుమంది. ఇన్నేళ్లయినా ఆ పిల్ల పేరెత్తితే నాకు అదే మంట. నాకు కుళ్లెక్కువ. ఇంకెవరో చెప్పడమెందుకు, నేనే చెబుతున్నాను.

అది లోకమంతా తలుపులేసుకున్న సంవత్సరం. బడి లాప్‌టాప్‌లోకి వచ్చేసింది. మూడు నెలలుండి పోదామని వచ్చిన నానమ్మ, విమానాలు ఆగిపోయి మా దగ్గరే చిక్కుకుపోయింది. నాన్న మాత్రం మాస్కు కట్టుకుని రోజూ ప్లాంటుకి వెళ్లేవాడు. రువైస్ అంటే ఒక పక్క ఎడారి, ఒక పక్క సముద్రం, నడుమ రిఫైనరీ. ఏం కావాలన్నా అబుదాబి దాకా గంటల తరబడి కారులో పోవాలి, ఆ ఏడాది అదీ లేదు. బాల్కనీలో నిలబడితే రిఫైనరీ గొట్టం మీద మంట కనిపించేది. గాలి ఇటు తిరిగిందంటే గ్యాసు వాసన. మొదట్లో నానమ్మ ఆ వాసన వచ్చినప్పుడల్లా వంటింట్లోకి పరిగెత్తి పొయ్యి కట్టేసి ఉందో లేదో చూసి వచ్చేది.

మాకు పడవెక్కడిదంటారా? నాన్న సెక్షన్లో ఒక ముసలి స్కాట్లాండ్ ఇంజనీరు ఉండేవాడు. శీతాకాలం వస్తే శుక్రవారం శుక్రవారం నాన్నని తన పడవలో ముందు కూర్చోబెట్టుకుని తాళ్లు లాగించేవాడు. కాంట్రాక్టు అయిపోయి ఊరెళ్తూ, ఈ పాతదాన్ని ఎవరు కొంటారు, నువ్వే ఉంచుకో అని నాన్నకి ఇచ్చేశాడు. పడవంటే పెద్దదేం కాదు. రెండు మంచాలు చేరిస్తే ఎంతుంటుందో అంత. తెల్ల ఫైబర్ ఒళ్లు, తెరచాప నిలబెట్టడానికి ఒక కొయ్య, ఒక పెద్ద తెరచాప, ముందు ఒక చిన్నది. అందులో ఇద్దరికే చోటు. వెనక చుక్కాని పట్టుకునేది ఒకరు, ముందు కూర్చుని చిన్న తెరచాప తాడు పట్టుకునేది ఒకరు.

అక్కడ వేసవిలో సముద్రం కూడా కాగిపోతుంది, పడవ జోలికి ఎవరూ పోరు. ఎండ మెత్తబడి, ఉక్క తగ్గి, పొద్దున్నే గాలి కాస్త చల్లగా తగిలినప్పుడు పడవల కాలం మొదలవుతుంది. ఆ ఏడు బయటికి పోవడానికి లేక నేను గోడలు గీకుతున్న రోజుల్లో నాన్న బాల్కనీలో నా పక్కన కూర్చుని, "ఈసారి కాలం మొదలవ్వగానే మొదటి రోజు ముందు సీట్లో నువ్వే. సరేనా?" అన్నాడు. చేతిలో చెయ్యి వేసి మరీ చెప్పాడు. అప్పటికి నాకు ఈత వచ్చు, పడవ ఎక్కలేదంతే. ఆ మాట పట్టుకుని వేసవంతా గడిపాను. గణితం క్లాసులో కెమెరా ఆపేసి ఆ సీట్లో కూర్చుని సముద్రం మీదికి వెళ్లిపోయేదాన్ని.

సరిగ్గా అప్పుడే ఆ పిల్ల మా మధ్యకు వచ్చింది.

వాళ్లది కడప. మా కిందింట్లోనే ఉండేవాళ్లు. వాళ్ల నాన్న, మా నాన్న ఒకే షిఫ్టు, ఒకే బస్సు, మంచి స్నేహం. వాళ్ల జేజికి, అంటే నానమ్మకి, ఒంట్లో బాగాలేదని ఆయన కడప వెళ్లాడు, వెళ్లిన వారానికే విమానాలు ఆగిపోయాయి. మళ్లీ మొదలయ్యాక కూడా తిరిగి రావడానికి పర్మిషన్ రావాలన్నారు. ఇంట్లో వాళ్లమ్మ, చంటి తమ్ముడు, ఈ పిల్ల. కూరగాయలు తేవాలన్నా నాన్నే, బల్బు మార్చాలన్నా నాన్నే. దానికి నేనేమీ అనలేదు. కానీ షెడ్డు తెరిచారని, పడవ పని మొదలుపెడదామని నాన్న చెప్పిన శుక్రవారం పొద్దున్న నేను టోపీ పెట్టుకుని కిందికి దిగేసరికి, కారులో ముందు సీట్లో ఆ పిల్ల కూర్చుని ఉంది.

"పాపం, ఇంట్లో కూర్చుని కూర్చుని విసిగిపోయిందే. వస్తుంది మనతో" అన్నాడు నాన్న.

నేను మూతి ముడుచుకుని వెనక సీట్లో కూర్చున్నాను. ముందు సీటు పోవడం అక్కడే మొదలైంది.

షెడ్డులో పడవ బోర్లా పడుకుని, పైన టార్పాలిన్ కప్పుకుని ఉంది. టార్పాలిన్ తీస్తే ఇసుక, సాలెగూళ్లు, పాత ఉప్పు వాసన. బల్లులు చేరిన వైపు నేను చూసి, "నువ్వు ఆ పక్క తుడువు" అని ఆ పిల్లకి చెప్పాను. అరుస్తుందని నా ఆశ. ఆ పిల్ల బల్లిని గుడ్డతో పట్టుకెళ్లి ఇసుకలో వదిలి, చేతులు దులుపుకుని వచ్చింది. "మా కడపలో ఇంతకన్నా పెద్దవి ఉంటాయి లే" అంది.

పని కూడా ఆ పిల్లకి పట్టుబడినట్టు నాకు పట్టుబడలేదు. పడవ ఒంటి మీద గీతలు పడ్డచోట తెల్ల పుట్టీ పెట్టి, ఆరాక నీళ్లు చల్లుతూ గరుకు కాగితంతో చిన్న చిన్న సున్నాలు చుడుతూ రుద్దాలి. నాకు ఓపికెక్కడిది? బరబరా రుద్ది కొత్త గీతలు పెట్టాను. నాన్న నా వెనక నిలబడి, "అలా కాదమ్మా. అటు చూడు, గంధం అరగదీసినట్టు ఎంత నెమ్మదిగా చేస్తోందో" అన్నాడు. గంధమట, గంధం! ఆ గరుకు కాగితం ఆ పిల్ల మొహానికి రుద్దాలనిపించింది.

తాళ్లు ఉప్పు పట్టి వడియాల్లా బిగుసుకుపోయి ఉంటే, అమ్మ బట్టలకి వాడే మెత్తబరిచే మందు బకెట్లో కలిపి నానబెట్టాం. అమ్మ ఖాళీ సీసా చూసి, "పడవకి ఉన్న వైభోగం నా చీరలకి లేదు" అని సాధించింది. కొయ్యని నిలబెట్టే ఇనుప తీగల్ని అమ్మ పాత వాయిల్ చీర ముక్కతో పొడుగునా తుడవాలి. ఎక్కడైనా గుడ్డ పీచు తగులుకుందంటే అక్కడ తీగ పోగు తెగిందన్నమాట. ఆ తగులుకున్న చోటు కూడా ఆ పిల్లే పట్టింది. "అంకుల్, ఈడ పట్టుకుంటాంది సూడండి" అంది. నాన్న వంగి చూసి, "శభాష్! ఇది చూసుకోకపోతే నడిసముద్రంలో కొయ్య మన నెత్తిన పడేది" అన్నాడు. ఆ శభాష్ అంతకు ముందు మా ఇంట్లో నా ఒక్కదానికే ఉండేది.

అంకుల్, అంకుల్, అంకుల్. రోజంతా అదే పాట. అంతటితో ఊరుకుందా, మా నానమ్మని నాలాగే "నానమ్మా" అనడం మొదలెట్టింది. "మీ జేజిని జేజీ అంటావుగా, ఈవిడ్ని కూడా అలాగే పిలవచ్చుగా" అన్నాను ఒకరోజు ఉండబట్టలేక. "ఏమే, పిలుపుకి కూడా కరువా?" అని నానమ్మ నన్నే కసిరింది. ఆ పిల్ల జడ వేయించుకోవడానికి కూడా నానమ్మ దగ్గరికే వచ్చేది. నాది క్రాపు. వేయడానికి నాకు జడే లేదు.

వాళ్లమ్మ పని చేసేవాళ్ల కోసమని డబ్బాలో ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు పంపేది. బొరుగులు నానబెట్టి, పుట్నాల పొడి చల్లి, నిమ్మరసం పిండిన ఉగ్గాని. షెడ్డులో నాన్న రెండు చేతులకీ పుట్టీ అంటించుకుని ఉంటే ఆ పిల్ల చెంచాతో నోట్లో పెట్టింది. "అబ్బ, ఏం రుచిరా బాబూ" అన్నాడు నాన్న. ఈ మాట ఇంటికెళ్లగానే అమ్మకి చేరవేశాను, వేరే చెప్పాలా? ఆ పూట అమ్మ చారులో ఉప్పు వేయడం మర్చిపోయింది. మర్చిపోయిందనే అంది మరి.

నా ఆశంతా ఒక్కటే, ఆ పిల్ల వాళ్ల నాన్న వచ్చేయాలి. వస్తే వాళ్ల నాన్న వాళ్లకి, మా నాన్న మాకు. నాన్నని ఆ పిల్ల అబ్బా అనేది. "మీ అబ్బా ఎప్పుడొస్తారు?" అని రోజూ అడిగేదాన్ని. "పర్మిషన్ వచ్చేసినాది. టికెట్ గూడా అయింది. టెస్టు చేయించుకుని వచ్చేదే" అనేది. "వచ్చినాక మేం గూడా పడవ కొనుక్కుంటాం. మీది తెల్లది కదా, మాది పచ్చది." కొనుక్కో తల్లీ, వెంటనే కొనుక్కో అనుకునేదాన్ని. ఆయన రాక కోసం ఆ పిల్ల కన్నా నేనే ఎక్కువ ఎదురుచూశాను.

పాత తెరచాప ఎండకి పుచ్చిపోయింది, వేలు పెడితే కుట్లు పటపటా ఊడాయి. నాన్న కొత్తది తెప్పించాడు. అది రాగానే హాల్లో సోఫాలు జరిపి పరిచాం. గదంతా తెల్లగా అయిపోయింది. నానమ్మ వచ్చి చూసి, నడుం మీద చెయ్యి వేసుకుని, "ఒరేయ్ అబ్బాయ్, పసుపు పెట్టకుండానే కట్టేస్తావా?" అంది.

"అమ్మా, అది కట్టుకునే బట్ట కాదే. తెరచాప. కొయ్యకి కట్టేది."

"కొయ్యకైతేనేం, కొత్త గుడ్డా కాదా?"

మా ఇంట్లో చేతి రుమాలు కొన్నా మూల పసుపు బొట్టు పెట్టకుండా వాడరు. కొత్త యూనిఫారం వేసుకున్నప్పుడల్లా కాలరు లోపల పసుపు చూసి బళ్లో ఫిలిప్పినో టీచర్ ఏమిటిదని అడిగేది. నానమ్మ గిన్నెలో పసుపు తడిపి తెచ్చి, "పిల్లల చేత పెట్టించు. ఇద్దరూ చెరో మూల" అంది.

ఇద్దరూనట! "తెరచాప మాది కదా" అన్నాను. ఎవరూ వినిపించుకోలేదు. నాన్న మూలలు చూపించాడు. ఒకటి పైకి, కొయ్య చివరికి వెళ్తుంది. ఒకటి ముందు, కొయ్య మొదట్లో కడతారు. మూడోది వెనక తాడుకి. పడవ కదిలితే ముందు గాలిలోకి వెళ్లేది ఏ మూల అని అడిగాను. కొయ్య మొదట్లోది అన్నాడు. అది నాది అని దాని మీద కూర్చున్నాను. బొటనవేలితో కాదు, అరచేతి నిండా పసుపు తీసుకుని ఆ మందపాటి కుట్ల మీద మెత్తాను. ఆ పిల్ల వెనక మూలన ఒద్దికగా చిన్న బొట్టు పెట్టి, వాళ్లింట్లో అలవాటు లేకపోయినా నానమ్మ చెప్పినట్టే కళ్లకద్దుకుంది. "చూడు ఎంత ముద్దుగా పెట్టిందో" అంది నానమ్మ. నా అరచెయ్యి ఎవరికీ ముద్దుగా కనిపించలేదు.

నేను మెత్తిన పసుపు ఆరడానికి ఒక రోజు పట్టేది. అది చూసుకోకుండా నాన్న తెరచాప మడతపెట్టి, సంచీలో కుక్కి, కారు డిక్కీలో పడేశాడు. వారం తర్వాత షెడ్డులో విప్పితే లోపలంతా పసుపే. మడత మడతకీ ఒక అరచెయ్యి అచ్చు పడింది. నాన్న నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. అమ్మ నే చూస్తాలే అని బాత్‌టబ్బులో వేసి సబ్బు పెట్టింది. పసుపుకి సబ్బు తగిలితే ఏమవుతుందో అమ్మకి తెలియకనా? తొందరలో తోచలేదంతే. పచ్చటి చేతులన్నీ ఎర్రబడ్డాయి, తెరచాప పారాణి దిద్దినట్టయింది. "పెళ్లికూతురి చీరరా అబ్బాయ్, దానికి తాళి కట్టి తీసుకెళ్లు" అని నానమ్మ పగలబడి నవ్వింది. ఆ పిల్ల కూడా నవ్వింది. నాన్న కూడా. నాకు మాత్రం ఏడుపొచ్చింది.

"ఎండలో వేస్తే పసుపే పోతుంది" అని నానమ్మే చెప్పింది. మేడ మీద పరిచి, చుట్టూ రాళ్లు పెట్టాం. రోజూ క్లాసు అవగానే నేనూ ఆ పిల్లా పైకెక్కి చూసేవాళ్లం. గాలికి జరిగిన రాయి సర్దుతూ, చింతపండు ఉండల్లో ఉప్పు కారం దట్టించుకుని చప్పరిస్తూ, ఏ చెయ్యి ఎంత వెలిసిందో చూసుకునేవాళ్లం. ఎంత కుళ్లున్నా ఆ మేడ మీద మాత్రం ఆ పిల్లతో నాకు బాగానే ఉండేది. కొన్నాళ్లకి మరకలన్నీ పోయాయి. ఆ పిల్ల పెట్టిన చిన్న బొట్టు కూడా పోయింది. నా మూల మాత్రం పోలేదు. అక్కడ గుడ్డ పొరలు పొరలుగా కుట్టి ఉంటుంది, లోపలికి దిగిన పసుపుని ఎండ అందుకోలేకపోయింది. "నాది పోలేదు! నాది పోలేదు!" అని మేడంతా గెంతాను. ఆ పిల్ల తన మూల తడిమి చూసుకుంది.

గాలి ఎటు నుంచి వస్తోందో తెలియడానికి తెరచాపకి సన్నటి దారప్పోగులు కడతారు. ఇంట్లో ఊలు దొరకలేదు. ఆ పిల్ల తన జడ రిబ్బను విప్పి సన్నగా కత్తిరించి ఇచ్చింది, ఎర్రది. నేను నా క్రాపు తల తడుముకున్నాను.

మొదటి రోజు వచ్చింది. శుక్రవారం పొద్దున్న. నాకు వేసవి నుంచీ నోరూరిస్తున్న రోజు. అమ్మ వంట ఉందని ఇంట్లోనే ఉండిపోయి, పులిహోర డబ్బా ఇచ్చి పంపింది. నేను, నాన్న, నానమ్మ, తోకలాగా ఆ పిల్ల. నేను ఇంటి దగ్గరే ఆరెంజి లైఫ్‌జాకెట్ తొడుక్కుని, బెల్టు కూడా బిగించుకుని కారెక్కాను. సముద్రం లేత నీలం, గాలి మెత్తగా వీస్తోంది. నాన్న కొయ్య నిలబెట్టి తీగలు బిగించాడు. అడుగున నీళ్లు పోయే చిల్లుకి నేనే బిరడా పెట్టాను, రెండుసార్లు నొక్కి చూశాను. తెరచాప పైకి లేచింది. తెల్లగా, ముందు మూలన నా పసుపుతో, ఎర్ర రిబ్బను ముక్కలు ఎగురుతూ. నానమ్మ పడవని నీళ్లలోకి దింపే తోపుడుబండి చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. కొబ్బరికాయ పడవ ముక్కు మీదే కొట్టాలంది. "అమ్మా, ఫైబరే అది, పగిలిపోతుంది" అని నాన్న పడవకి అడ్డంగా నిలబడ్డాడు. చివరికి పక్కనున్న సిమెంటు దిమ్మ మీద కొట్టించారు. అందరం కొబ్బరి ముక్కలు నములుతున్నాం. నాన్న నా జాకెట్ పట్టీ సరిచేసి, "యల్లా, పద కెప్టెన్" అన్నాడు.

అప్పుడు నాన్న ఫోన్ మోగింది.

నాన్న కార్ల వైపు నడుచుకుంటూ వెళ్లాడు. అవతలివాళ్లు చెప్పింది విన్నాడే కానీ పెద్దగా మాట్లాడలేదు. తిరిగి వచ్చి నానమ్మ చెవిలో ఏదో చెప్పాడు. నానమ్మ చేతిలో కొబ్బరి చిప్ప అలాగే ఉండిపోయింది. నేను అప్పటికే నీళ్లలో దిగి పడవ అంచు పట్టుకుని నిలబడ్డాను. నాన్న నా వైపు రాలేదు. ఆ పిల్ల దగ్గరికి వెళ్లి, "దా అమ్మా, జాకెట్ వేసుకో. మనం వెళ్దాం" అన్నాడు.

"నేనా?" అంది ఆ పిల్ల. నా వైపు చూసింది.

"నాన్నా, మొదటి రోజు నేనన్నావు కదా" అన్నాను.

"నువ్వు తర్వాత."

"చెయ్యి వేసి చెప్పావు! నేనే, నేనే వస్తాను!"

"చెప్తుంటే అర్థం కాదా? దిగు!" అని అరిచాడు. నాన్న అంతకు ముందెప్పుడూ నా మీద అలా అరవలేదు. నా చేతులు వాటంతటవే పడవని వదిలేశాయి.

వాళ్లు వెళ్లిపోయారు. నేను ఇసుకలో కూలబడి జాకెట్ విప్పకుండానే ఏడ్చాను. నానమ్మ పులిహోర ముద్ద నోటి దగ్గర పెడితే చెయ్యి తోసేశాను. "నా నాన్నని లాగేసుకుంది. నిన్నూ లాగేసుకుంది. ఎందుకే ఆ పిల్లంటే మీకంత?" అని అరిచాను. నానమ్మ నన్ను తిట్టలేదు. పైట చెంగుతో నా మొహం తుడిచి, "ఊరుకో నా తల్లీ. రానీ వాళ్లని. నెమ్మదిగా రానీ" అంది. గాలి ఆగిపోవాలని మొక్కుకున్నాను. ఆ పిల్లకి కడుపులో తిప్పి వాంతి కావాలని మొక్కుకున్నాను. ఒక్క మొక్కూ ఫలించలేదు. గాలి ఇంకా బాగా అందుకుంది. పడవ దూరంగా వెళ్లి, తిరిగి ఒడ్డు వైపు వచ్చినట్టే వచ్చి, మళ్లీ తెరచాప తిప్పుకుని లోపలికి పోయేది. అలా ఎన్నిసార్లు పోయిందో. నాన్న రావాలనుకోవడం లేదని నాకే తెలుస్తోంది. తెల్ల తెరచాప ఎటు తిరిగినా నా కళ్లు అటే తిరిగాయి.

వచ్చినప్పుడు ఆ పిల్ల తడిసి ముద్దయి, పళ్లన్నీ కనబడేలా నవ్వుతోంది. దూకి నా దగ్గరికి పరిగెత్తుకొచ్చింది. "భలే ఉందే! అంకుల్ నా చేతికే చుక్కాని ఇచ్చినాడు. నువ్వు గూడా పో!" చుక్కాని కూడానా! నేను మొహం తిప్పుకున్నాను. నాన్న మొలలోతు నీళ్లలో మాకు వీపు పెట్టి నిలబడి, అప్పటికే విప్పేసిన తాడుని మళ్లీ మళ్లీ విప్పుతున్నాడు.

కారులో ఆ పిల్ల ఒక్కతే మాట్లాడింది. అబ్బా వచ్చినాక ఆయన్ని ఎక్కడ కూర్చోబెట్టాలో, తాడు ఎట్లా పట్టుకోవాలో చెబుతూనే ఉంది. మెట్ల దగ్గరికి వచ్చేసరికి వాళ్ల తలుపు బార్లా తీసి ఉంది. బయట చెప్పులు. మనిషి మనిషిని ముట్టుకోవడానికి భయపడే రోజుల్లో, ఆ గుమ్మం ముందు అన్ని జతల చెప్పులు. అమ్మ చెప్పులు కూడా అక్కడే ఉన్నాయి. ఆ పిల్ల నవ్వు ఆగిపోయింది. తడి బట్టలతోనే లోపలికి వెళ్లింది. కాసేపటికి ఆ పిల్ల గొంతు వినబడింది. నేను మెట్ల మీదే నిలబడిపోయాను.

విమానం ఎక్కడానికని చేయించుకున్న టెస్టులోనే వాళ్ల నాన్నకి కరోనా ఉన్నట్టు తెలిసిందట. తేలిగ్గానే ఉంది, భయం లేదన్నాడట. భార్యకి మాత్రమే చెప్పి, పిల్లకి చెప్పొద్దన్నాడట. ఉన్నట్టుండి ఊపిరాడలేదు. ఆ ఫోన్ వాళ్లమ్మ చేసింది. "అన్నా, ఒక్క గంట నా బిడ్డని ఇంటికి తేవద్దన్నా. నన్ను కాసేపు ఏడ్వనీ" అందట. ఇది నాకు నానమ్మ తర్వాత చెప్పింది.

నెల తిరక్కుండా వాళ్లు కడప వెళ్లిపోయారు. నాన్న నన్ను పడవలో తీసుకెళ్లాడు, ముందు సీట్లోనే. నేను తాడు తప్పుగా పట్టుకున్నా ఏమీ అనలేదు. నా ముందు ఎర్ర రిబ్బను ముక్కలు ఎగురుతూనే ఉన్నాయి. అంతా తెలిశాక కూడా నాకు కుళ్లు పోలేదు. జాలి వచ్చింది, ఏడుపొచ్చింది, వాటి పక్కనే కుళ్లూ కూర్చుంది. మొదటి రోజు ఆ పిల్లదే. దాన్ని ఎవరూ నాకు తిరిగి ఇవ్వలేరు.

తర్వాత నాన్నకి అబుదాబి బదిలీ అయింది. పడవ ఒళ్లు అక్కడే ఎవరికో ఇచ్చేశాం. తెరచాప మాత్రం నాన్న వదలలేదు. ప్రతి శుక్రవారం, ఆ తర్వాత సెలవు ఆదివారానికి మారాక ప్రతి ఆదివారం, కడపకి ఫోన్. ఆ పిల్ల మార్కులు, ఆ పిల్ల సైకిలు, ఆ పిల్ల తమ్ముడి పళ్లు. నేను ఆ ఫోన్ వచ్చినప్పుడల్లా టీవీ శబ్దం పెంచేదాన్ని.

మొన్న అమ్మ ఫోన్ పెట్టేయగానే నాన్నకి చేశాను.

"నాకు చెప్పకుండా ఎలా ఇచ్చావు? అది నాది. పసుపు పెట్టింది నేను. అన్నీ ఆ పిల్లకే. ఆ రోజూ ఆ పిల్లకే, తెరచాపా ఆ పిల్లకే. మరి నాకు?"

వెనక ఎక్కడో అట్టపెట్టెకి టేపు చుడుతున్న చప్పుడు వినిపించింది.

"నీకు నేనున్నానుగా అమ్మా" అన్నాడు.

ఊఁ అని పెట్టేశాను. హాస్టల్ బాత్‌రూమ్‌లోకి వెళ్లి కొళాయి తిప్పి, చాలాసేపు ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చాను.

నిన్న సాయంత్రం ఆ పిల్ల నుంచి ఫోటో వచ్చింది. ఇన్నేళ్లలో నాకు నేరుగా పంపింది అదే మొదటిసారి. ఏదో హాల్లో నేల మీద తెరచాప పరిచి, ముందు మూల దగ్గరగా తీసింది. కుట్ల మధ్యన పసుపు, కొంచెం వెలిసి, అలాగే ఉంది. కింద రాసింది: "ఇది నీ మూలే కదా? కత్తిరించి నీకు పంపించేదా?"

చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను. ఆ పిల్ల మూల కూడా తీసి ఉంటుందేమోనని వెతికాను. తీయలేదు. అక్కడ చూడటానికేం లేదు కదా.

"పిచ్చా ఏంటి నీకు? మూల కత్తిరిస్తే తెరచాప ఎందుకు పనికొస్తుంది? అలాగే కట్టు" అని రాశాను. పంపేశాక ఇంకో మాట కూడా పంపాను: "తీగలు గుడ్డతో తుడుచుకో, మర్చిపోకు."

కట్టుకోనీ. హుస్సేన్‌సాగర్‌లో గాలి ఎటు నుంచి వచ్చినా, ఎదురుగా ముందు వెళ్లేది నా మూలే. ఆ పిల్ల దాని వెనకే కూర్చోవాలి.